కాంపాక్టా, మిడ్‌సైజా? లగ్జరీ ఎస్‌యూవీ కొనేముందు ఇంట్లోనే తేల్చుకోవాల్సిన లెక్కలు

మా బావ డైనింగ్ టేబుల్ మీద రెండు కొటేషన్లు పెట్టుకుని రెండు నెలలైంది. ఒకటి కాంపాక్ట్ లగ్జరీ ఎస్‌యూవీది, ఆన్‌రోడ్ 62 లక్షలు. రెండోది అదే కంపెనీ మిడ్‌సైజ్ బండిది, 93 లక్షలు. "ఎలాగూ ఇంత పెడుతున్నాం, ఇంకొంచెం సాగదీస్తే పెద్దదే వస్తుంది కదరా" అని ప్రతి ఆదివారం ఫోన్. ఆ "ఇంకొంచెం" 31 లక్షలు. ఆ డబ్బుకి ఇంకో మంచి కారే వస్తుంది.

ఇదే ఊగిసలాటలో ఉన్నవాళ్లు హైదరాబాద్, విజయవాడ, వైజాగ్‌లలో చాలామంది ఉన్నారు. ఒకపక్క బీఎండబ్ల్యూ ఎక్స్1, మెర్సిడెస్ జీఎల్‌ఏ, ఆడి క్యూ3. ఇంకోపక్క ఎక్స్3, జీఎల్‌సీ, క్యూ5, వోల్వో ఎక్స్‌సీ60, లెక్సస్ ఎన్ఎక్స్. మొదటి వరుస ఎక్స్ షోరూం ధర (లైఫ్ టాక్స్, ఇన్సూరెన్స్ కలపనిది) సుమారు 45 నుంచి 55 లక్షలు, రెండోది 65 నుంచి 80 లక్షలు. షోరూంలో నిలబడితే రెండూ బాగానే ఉంటాయి. తేడా ఇంటికొచ్చాక తెలుస్తుంది. అందుకే లెక్క ఇంటి దగ్గరే మొదలుపెట్టాలంటాను.

నా దృష్టిలో చూడాల్సినవి ఐదు: వెనక సీట్లో రోజూ ఎవరు కూర్చుంటారు, బండి ఎక్కడ పెడతారు, నెలకి ఎన్నిసార్లు హైవే ఎక్కుతారు, బండి ఎవరు నడుపుతారు, ఆ పై ముప్పై లక్షలు ఎక్కడి నుంచి వస్తాయి. బ్రాండు, రంగు, సన్‌రూఫ్, స్క్రీన్ సైజు ఇవన్నీ వీటి తర్వాతే.

ముందు టేపు తీయండి

"కాంపాక్ట్" అనగానే చాలామంది చిన్న బండి అనుకుంటారు. మనకి తెలిసిన బండ్ల పక్కన పెట్టి చూస్తే సంగతి అర్థమవుతుంది. కొలతలు మిల్లీమీటర్లలో, వెడల్పులో సైడ్ మిర్రర్లు కలపలేదు. వీల్‌బేస్ అంటే ముందు, వెనక చక్రాల మధ్య దూరం.

| బండి | పొడవు | వెడల్పు | వీల్‌బేస్ | డిక్కీ (లీటర్లు) |
|---|---|---|---|---|
| హ్యుందాయ్ క్రెటా | 4330 | 1790 | 2610 | 433 |
| మెర్సిడెస్ జీఎల్‌ఏ | 4410 | 1834 | 2729 | సుమారు 430 |
| ఆడి క్యూ3 | 4482 | 1849 | 2680 | 530 |
| బీఎండబ్ల్యూ ఎక్స్1 | 4500 | 1845 | 2692 | పెట్రోల్ 476, డీజిల్ 500 |
| మహీంద్రా ఎక్స్‌యూవీ700 | 4695 | 1890 | 2750 | – |
| వోల్వో ఎక్స్‌సీ60 | 4708 | 1902 | 2865 | 483 |
| మెర్సిడెస్ జీఎల్‌సీ | 4716 | 1890 | 2888 | 620 |
| బీఎండబ్ల్యూ ఎక్స్3 | 4755 | 1920 | 2865 | 570 |
| టొయోటా ఇన్నోవా హైక్రాస్ | 4755 | 1850 | 2850 | – |

ఎక్స్1 మన క్రెటా కంటే 17 సెంటీమీటర్లు పొడవు. ఎక్స్3 పొడవు సరిగ్గా ఇన్నోవా హైక్రాస్ అంత, పైగా దానికంటే 7 సెంటీమీటర్లు వెడల్పు. అంటే మీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో హైక్రాస్ పట్టే చోట ఎక్స్3 పొడవులో పడుతుంది గానీ తలుపు తీసి దిగడం దగ్గర ఇబ్బంది పడొచ్చు.

మా బావకి అదే చెప్పాను. "బావా, ముందు టేపు పట్టుకుని సెల్లార్‌కి పద." కూకట్‌పల్లిలో వాళ్లది పాత అపార్ట్‌మెంట్. ఆయన స్లాట్‌కి ఎడమవైపు పిల్లర్, కుడివైపు పక్క ఫ్లాట్ వాళ్ల స్విఫ్ట్. పిల్లర్ నుంచి పెయింట్ గీత దాకా కొలిస్తే 2.4 మీటర్లు వచ్చింది. ఎక్స్3 పెడితే రెండువైపులా కలిపి మిగిలేది 48 సెంటీమీటర్లు, అంటే ఒక్కోవైపు జానెడు. ఎక్స్1 పెడితే 55. ఈ 7 సెంటీమీటర్ల తేడాకి ఇంత చర్చ ఎందుకు అనిపిస్తుంది. కానీ పిల్లర్ వైపు ఎటూ తలుపు తీయరు కాబట్టి బండిని అటు జరిపి పెడతారు, మిగిలిన చోటంతా డ్రైవర్ వైపే వస్తుంది. అక్కడ ఆ 7 సెంటీమీటర్లే పొట్ట లోపలికి లాక్కుని దిగడమా, మామూలుగా దిగడమా అన్నది తేలుస్తాయి. పక్క స్విఫ్ట్ వాళ్లు గీత దాటి పెట్టిన రోజు సంగతి వేరే చెప్పక్కర్లేదు.

కొలిచేటప్పుడు స్లాట్ ఒక్కటీ చూసి ఆగొద్దు. గేటు వెడల్పు, ర్యాంప్ మలుపు, ర్యాంప్ కింద బండి అడుగు తగిలేంత ఎత్తు పల్లాలు ఉన్నాయా అనేవి చూడండి. మిడ్‌సైజ్ బండి వీల్‌బేస్ 15 నుంచి 20 సెంటీమీటర్లు ఎక్కువ. వీల్‌బేస్ పెరిగిన కొద్దీ ర్యాంప్ శిఖరం మీద మధ్యభాగం గీసుకునే అవకాశం పెరుగుతుంది, బిగుతు మలుపులో వెనక చక్రం గోడకి దగ్గరగా తిరుగుతుంది. షోరూం వాళ్లని అడిగితే టెస్ట్ డ్రైవ్ బండి ఇంటికే తెస్తారు. వాళ్లొచ్చినప్పుడు మెయిన్ రోడ్డు మీద రెండు కిలోమీటర్లు తిప్పి పంపేయకుండా, సెల్లార్‌లోకి దింపి, మీ స్లాట్‌లో పెట్టి, దిగి చూడండి. అమ్మకి, నాన్నకి కూడా అక్కడే ఎక్కి దిగమనండి.

ఇండిపెండెంట్ ఇల్లు, పెద్ద పోర్టికో ఉన్నవాళ్లకి ఈ భాగం అంతా అనవసరం. నేరుగా కిందకి వెళ్లొచ్చు.

వెనక సీటు: అసలు తేడా ఇక్కడే

ఈ రెండు సైజుల మధ్య పెట్టే డబ్బులో ఎక్కువ భాగం వెనక సీటుకే పోతుందని నా నమ్మకం. ముందు సీట్లో కూర్చునేవాడికి ఎక్స్1కీ ఎక్స్3కీ మధ్య 31 లక్షల తేడా కనిపించదు. వెనక కూర్చున్నవాళ్లకి కొంతైనా కనిపిస్తుంది.

కాంపాక్ట్‌లో మోకాళ్లకి చోటు పరవాలేదు. ఆరడుగుల మనిషి ముందు సీటు సర్దుకున్నా వెనక ఇంకొకరు కూర్చోగలరు. లోటు ఎక్కడంటే సీటు పరుపు పొట్టిగా ఉంటుంది, తొడల కింద ఆనదు. అరగంట ప్రయాణంలో ఇది తెలియదు. హైదరాబాద్ నుంచి తెనాలి వెళ్లేటప్పుడు సూర్యాపేట దాటేసరికి తెలుస్తుంది. మిడ్‌సైజ్‌లో పరుపు పొడవు, వెనక్కి వాలే కోణం, భుజాల దగ్గర వెడల్పు మూడూ మెరుగ్గా ఉంటాయి.

అయితే ఒక సంగతి. మా అక్క వాళ్ల అత్తగారికి రెండు మోకాళ్లూ నొప్పి. ఆమెని రెండు బండ్లూ ఎక్కించి చూశాం. పెద్ద బండికి గడప, అదే తలుపు కింద అంచు, వెడల్పుగా ఉంది. సీటు మీద కూర్చోవాలంటే కాలు దూరంగా చాపాలి. ఆమె ఒక చేత్తో పైన హ్యాండిల్ పట్టుకుని, ఇంకో చేత్తో చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని ఎక్కింది. దిగేటప్పుడు పిక్క దగ్గర చీరకి దుమ్ము అంటింది. చిన్న బండిలో వెనక్కి తిరిగి కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుని, కాళ్లు లోపలికి తిప్పుకుంది. "ఇదే బాగుందమ్మా" అంది. అదే అత్తయ్య నలభై నిమిషాల టెస్ట్ డ్రైవ్ అయ్యాక "తొడలు పట్టేశాయి, ఆ పెద్దదాంట్లో ఇలా లేదు" అంది. రెండు మాటలూ నిజమే. అందుకే పెద్దవాళ్ల కోసం కొంటున్నాం అనుకునేవాళ్లు ఒకసారి ఎక్కించి దింపితే సరిపోదు, కనీసం గంటసేపు వెనక కూర్చోబెట్టి తిప్పాలి.

వెనక ముగ్గురు పెద్దవాళ్లు అంటే రెండూ సుఖమేమీ కాదు. జీఎల్‌సీ, ఎక్స్3 లాంటివాటిలో వెనక చక్రాలకి శక్తి అందించే షాఫ్ట్ వెళ్లాలి కాబట్టి నేల మధ్యలో ఎత్తుగా దిమ్మె ఉంటుంది. మధ్యలో కూర్చున్న మనిషి కాళ్లు రెండుపక్కలా వేసుకోవాలి. ఇన్నోవాలో ముగ్గురు హాయిగా వెళ్లిన అలవాటుతో 90 లక్షల బండిలో కూర్చుంటే "ఇదేంటి ఇంత ఇరుకు" అనడం నేను ఒకసారి కాదు, చాలాసార్లు విన్నాను. ఇంటిల్లిపాదీ ఆరుగురు ఒకే బండిలో తిరుపతి వెళ్లాలనుకుంటే ఈ రెండు వర్గాలూ మీకు సరిపడవు. ఇంట్లో ఇన్నోవా ఉంటే అమ్మకండి, దాన్ని ఉంచుకుని రెండో బండిగా కాంపాక్ట్ తీసుకోండి.

డిక్కీ

పైన పట్టిక మళ్లీ చూడండి. పెద్ద బండి అయిన ఎక్స్‌సీ60 డిక్కీ, డీజిల్ ఎక్స్1 డిక్కీ కంటే చిన్నది. క్యూ3 కాంపాక్టే అయినా 530 లీటర్లు ఇస్తుంది, పైగా దాని వెనక సీటు ముందుకీ వెనక్కీ జరుగుతుంది. కాబట్టి పెద్దది కొంటే సామాను ఎక్కువ పడుతుంది అన్నది ఖాయం కాదు. స్టెప్నీ ఎక్కడ పెట్టారో కూడా చూడండి. కొన్ని మోడళ్లలో అది డిక్కీ నేల మీదే కూర్చుని ఒక పెద్ద సూట్‌కేస్ చోటు తినేస్తుంది. అమెరికా నుంచి వచ్చే పిల్లల్ని శంషాబాద్ నుంచి తెచ్చుకోవడానికి రెండు 23 కిలోల సూట్‌కేసులు నిజంగా తీసుకెళ్లి పెట్టి చూడటమే మంచి పరీక్ష.

పేరు ఒక్కటే, లోపలి కట్టు వేరు

ఎక్స్1ని ఎక్స్3కి తమ్ముడు అనుకోవడం సహజం. కానీ ఎక్స్1, జీఎల్‌ఏ, క్యూ3 ముందు చక్రాల ఆధారంగా కట్టిన బండ్లు, ఇంజిన్ అడ్డంగా కూర్చుంటుంది. ఎక్స్3, జీఎల్‌సీ, క్యూ5లలో ఇంజిన్ నిలువుగా ఉంటుంది, నాలుగు చక్రాలకీ శక్తి వెళ్తుంది. నడిపేవాడికి దీనివల్ల తెలిసేది మూడు చోట్ల. మొదటిది ఇంజిన్.

మన దేశంలో పెట్రోల్ ఎక్స్1లో 1.5 లీటర్ల మూడు సిలిండర్ల ఇంజిన్, 136 హార్స్‌పవర్. జీఎల్‌ఏ పెట్రోల్‌లో 1.3 లీటర్లది, 163 హార్స్‌పవర్. సిటీలో ఇవి చాలు. ఔటర్ రింగ్ రోడ్డు మీద నలుగురు కూర్చుని లారీని దాటాలంటే ఇంజిన్ గొంతు పెంచుతుంది, ఆ గొంతు లగ్జరీ బండిది కాదు. డీజిల్ ఎక్స్1 150 హార్స్‌పవరే అయినా టార్క్ (చక్రాలని తిప్పే బలం) 360 న్యూటన్ మీటర్లు ఉంటుంది కాబట్టి హైవే మీద అది వేరే బండిలా వెళ్తుంది. కాంపాక్ట్‌లలో పట్టున్న పెట్రోల్ కావాలంటే క్యూ3 చూడాలి. 2 లీటర్ల ఇంజిన్, 190 హార్స్‌పవర్, నాలుగు చక్రాల డ్రైవ్.

రెండోది గేర్‌బాక్స్. ఎక్స్1, జీఎల్‌ఏ, క్యూ3 మూడింట్లోనూ డ్యూయల్ క్లచ్, అంటే రెండు క్లచ్‌లతో తనే గేర్లు మార్చుకునే ఆటోమేటిక్. హైవేలో చురుగ్గా ఉంటుంది. కానీ అమీర్‌పేట సిగ్నల్ దగ్గర నడక వేగంలో పాకేటప్పుడు ఒక చిన్న తడబాటు కాలికి తెలుస్తుంది. ఎక్స్3లో ఎనిమిది గేర్ల, జీఎల్‌సీలో తొమ్మిది గేర్ల టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్, అంటే క్లచ్ బదులు నూనె ద్వారా శక్తి అందించేది. ట్రాఫిక్‌లో అవి వెన్నలా సాగుతాయి. రోజుకి రెండు గంటలు ట్రాఫిక్‌లో మీరే నడిపితే ఈ ఒక్క విషయానికి విలువ ఇవ్వచ్చు.

మూడోది రోడ్డు మీద కుదుపు. పొడవైన వీల్‌బేస్, బరువు వల్ల మిడ్‌సైజ్ బండి సిమెంటు రోడ్డు అతుకుల మీద, వంతెన జాయింట్ల మీద నిలకడగా వెళ్తుంది. కాంపాక్ట్ ప్రతి అతుకునీ చిన్నగా చెబుతుంది. టెస్ట్ డ్రైవ్‌లో మీ వీధి గతుకుల మీద నడిపి చూడండి, అదే అసలు పరీక్ష.

పొలానికో, ఫామ్‌హౌస్‌కో వానాకాలం బురదలో వెళ్లేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. ఎక్స్1, పెట్రోల్ జీఎల్‌ఏ ముందు చక్రాల బండ్లే. నల్లరేగడి మట్టిలో ముందు చక్రాలు తిరుగుతూ ఉండిపోతే ట్రాక్టర్ రావాల్సిందే. కాంపాక్టే కావాలంటే క్యూ3 గానీ, నాలుగు చక్రాల డ్రైవ్ ఉన్న డీజిల్ జీఎల్‌ఏ ఫోర్‌మాటిక్ గానీ చూడండి.

డీజిల్ గురించి ఒక్క హెచ్చరిక

ఇప్పటి డీజిల్ బండ్లలో పొగలో మసిని పట్టే ఫిల్టర్, డీపీఎఫ్, ఉంటుంది. అది నిండినప్పుడు తనంతట తాను కాల్చుకుని శుభ్రపడాలంటే బండి కాసేపు ఆగకుండా మంచి వేగంలో వెళ్లాలి. రోజూ ఇంటి నుంచి ఆఫీసుకి ఐదారు కిలోమీటర్లు, అదీ ట్రాఫిక్‌లో, అయితే ఆ అవకాశం రాదు. డ్యాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది, టెన్షన్ మొదలవుతుంది. వారానికి ఒక్కసారైనా ఔటర్ ఎక్కేవాళ్లకే డీజిల్. మిగతావాళ్లకి సైజు ఏదైనా పెట్రోలే మంచిది.

డబ్బు లెక్క

2025 సెప్టెంబర్ 22 నుంచి ఈ బండ్లన్నింటికీ జీఎస్టీ 40 శాతం, సెస్ లేదు. అంతకుముందు పెద్ద ఇంజిన్ ఎస్‌యూవీలకి సెస్‌తో కలిపి 50 శాతం ఉండేది. ధరలు దిగాయి, అది రెండు వర్గాలకీ వర్తించింది. కానీ మన దగ్గర అసలు దెబ్బ లైఫ్ టాక్స్, అంటే రిజిస్ట్రేషన్ అప్పుడు ఒకేసారి కట్టే రోడ్డు టాక్స్. తెలంగాణలో ఈ ధర బండ్లకి అది 20 శాతం దరిదాపుల్లో ఉంటుంది. ఆంధ్రలో శాతం కొంచెం తేడా, బరువు మాత్రం అలాంటిదే.

| ఖర్చు (రూ. లక్షల్లో, ఉజ్జాయింపు) | కాంపాక్ట్ | మిడ్‌సైజ్ |
|---|---|---|
| ఎక్స్ షోరూం | 50 | 75 |
| లైఫ్ టాక్స్ (20 శాతం లెక్కన) | 10 | 15 |
| టీసీఎస్ 1 శాతం | 0.5 | 0.75 |
| మొదటి ఏడాది ఇన్సూరెన్స్ | 2 | 2.75 |
| ఆన్‌రోడ్ | 62.5 | 93.5 |

టీసీఎస్ (కొనేటప్పుడే డీలర్ వసూలు చేసే పన్ను) మాత్రం ఆదాయపన్ను రిటర్న్‌లో సర్దుబాటు చేసుకోవచ్చు, అది పోయిన డబ్బు కాదు. లైఫ్ టాక్స్ తగ్గించుకోవడానికి పక్క రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ చేయిస్తాం అని ఎవరైనా చెబితే వినొద్దు. ఇక్కడ తిప్పుతూ దొరికితే బండి సీజ్ అవుతుంది, పన్నూ పెనాల్టీ కట్టాలి.

తేడా 31 లక్షలు అనుకున్నాం కదా. అందులో 30 లక్షలకి 9 శాతం వడ్డీతో ఐదేళ్ల లోన్ తీసుకుంటే నెలకి ఈఎంఐ సుమారు 62 వేలు. ఐదేళ్లలో వడ్డీయే ఏడు లక్షలు దాటుతుంది. ఇది చిన్న బండి ఈఎంఐ కాదు, పెద్దదానికి ఎగబాకినందుకు అదనంగా కట్టేది.

చాలామంది మైలేజీ దగ్గర ఆగిపోతారు. ఏడాదికి 12 వేల కిలోమీటర్లు తిరిగితే, లీటరుకి 10 ఇచ్చే బండికి 1200 లీటర్లు, 8 ఇచ్చే బండికి 1500 లీటర్లు. తేడా 300 లీటర్లు, ఏడాదికి 32 వేల రూపాయల చిల్లర. ఈఎంఐ తేడాలో ఇది సగం నెలకి సరిపోయే డబ్బు. మైలేజీ కోసం సైజు తగ్గించాల్సిన పనిలేదు. తగ్గించాల్సి వస్తే పన్ను కోసం, ఈఎంఐ కోసం, తర్వాత పడిపోయే విలువ కోసం తగ్గించాలి. లగ్జరీ బండి నాలుగైదేళ్లలో సగం విలువ దాకా పోగొట్టుకుంటుంది. 50లో సగం, 75లో సగం రెండూ ఒకటి కాదు కదా. లైఫ్ టాక్స్ డబ్బు కూడా అమ్మేటప్పుడు పూర్తిగా తిరిగి రాదు.

ఇన్సూరెన్స్‌లో ఇంజిన్ ప్రొటెక్షన్, టైర్ కవర్, రిటర్న్ టు ఇన్వాయిస్ (బండి పూర్తిగా పోతే కొన్న బిల్లు ధర ఇచ్చేది) ఈ మూడూ తీసుకోండి. 2020 అక్టోబర్ వానలకి హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్ని కార్లు మునిగాయో చూశాం. నీళ్లలో ఉన్న బండిని స్టార్ట్ చేసి ఇంజిన్ పాడైతే మామూలు పాలసీ ఆ ఖర్చు ఇవ్వదు.

అదే డబ్బుకి పాతది పెద్దది?

ఈ ఆలోచన దాదాపు అందరికీ వస్తుంది. మూడేళ్ల మిడ్‌సైజ్ బండి కొత్త కాంపాక్ట్ ధరకే దొరుకుతుంది. లైఫ్ టాక్స్ మొదటివాళ్లే కట్టేశారు, పడాల్సిన విలువ చాలావరకు పడిపోయింది. లెక్క ప్రకారం ఇది మంచి బేరమే. కానీ బండి 45 లక్షలకి కొన్నా దాని స్పేర్ పార్టులు, టైర్లు, సర్వీసు 75 లక్షల బండి ధరల్లోనే ఉంటాయి. కంపెనీ సర్టిఫై చేసి, వారంటీ పొడిగించి ఇచ్చే బండ్లే చూడండి. తెలిసినవాళ్ల దగ్గరైనా, డీలర్ దగ్గరైనా ఒక పని మాత్రం మీరే చేయండి. వెనక సీటు బెల్టు చివరిదాకా లాగండి. సగం దగ్గర మట్టి మరక గీతలా కనిపిస్తే ఆ బండి నీళ్లలో నిలబడిందని అర్థం. స్టెప్నీ ఉండే గుంతలో వేలు పెట్టి చూడండి, ఎండిన బురద వేలికి అంటుతుంది. నేను ఒకసారి ఈ రెండూ చూడకుండా అడ్వాన్స్ ఇచ్చి, అది వెనక్కి రాబట్టుకోవడానికి నాలుగు నెలలు తిరిగాను.

డాలస్ తమ్ముడి సలహా ఇక్కడ ఎందుకు సరిపోదు

అమెరికాలో ఉన్న మనవాళ్లు "ఎక్స్3 తీసుకో అన్నా, తేడా ఎంతుంటుంది" అంటారు. వాళ్లకి నిజంగానే తక్కువ. అక్కడ ఎక్స్1 సుమారు 42 వేల డాలర్లు, ఎక్స్3 సుమారు 50 వేల డాలర్లు. పైగా అక్కడి ఎక్స్1 మన దగ్గరిది కాదు, 241 హార్స్‌పవర్, నాలుగు చక్రాల డ్రైవ్‌తో వస్తుంది. లీజ్‌లో నెలకి వంద డాలర్ల చిల్లర తేడాతో పెద్దది వస్తుంటే నేనైనా అక్కడ పెద్దదే తీసుకోమంటాను. ఇక్కడ అదే పేర్ల మధ్య దూరం పాతిక లక్షలు, పన్నుతో ముప్పై.

మరి ఎవరికి ఏది

భార్యాభర్తలు, ఒకరిద్దరు చిన్నపిల్లలు, సొంతంగా నడిపేవాళ్లు, సిటీలోనే ఎక్కువ తిరిగేవాళ్లకి కాంపాక్టే. ఇందులో నాకు ఏ అనుమానం లేదు. చైల్డ్ సీటు రెండు కిటికీల దగ్గరా పడుతుంది, పార్కింగ్ తేలిక, మిగిలిన ముప్పై లక్షలు పిల్లల చదువుకి ఉంటాయి. అయితే బేస్ వేరియంట్ కాకుండా మధ్య వేరియంట్ తీసుకోండి. పెద్ద బండి బేస్ మోడల్‌కి వెళ్లడం కంటే చిన్న బండి నిండు మోడల్ రోజువారీ వాడకంలో ఎక్కువ సంతోషం ఇస్తుంది.

డ్రైవర్ నడుపుతూ మీరు వెనక కూర్చుంటారా? అయితే మిడ్‌సైజ్. డాక్టర్లు, వ్యాపారస్తులు, రోజుకి మూడు గంటలు వెనక సీట్లో ఫోన్లు మాట్లాడుకుంటూ తిరిగేవాళ్లు ఈ డబ్బుకి పూర్తి విలువ పొందుతారు. వీళ్లలో జీఎల్‌సీ వెనక సీటు మెత్తదనం, క్యాబిన్ నిశ్శబ్దం ఎక్కువమందికి నచ్చుతుంది. నడపడం ఇష్టమైనవాళ్లు ఎక్స్3 వైపు వెళ్తారు. పెట్రోల్ హైబ్రిడ్ కావాలి, చీటికీ మాటికీ సర్వీస్ సెంటర్‌కి పోవడం ఇష్టంలేదు అనుకునేవాళ్లు లెక్సస్ ఎన్ఎక్స్ చూడాలి. కాకపోతే దాని వీల్‌బేస్ 2690, ఎక్స్1 అంతే. మిడ్‌సైజ్ డబ్బు పెట్టి కాంపాక్ట్ వెనక సీటు తీసుకున్నట్టవుతుంది, అది తెలిసే కొనండి.

నెలకి రెండు మూడుసార్లు ఊరెళ్లేవాళ్లకి జవాబు కొంచెం కష్టం. నలుగురు పెద్దవాళ్లు వెళ్తే మిడ్‌సైజ్ డీజిల్. ఇద్దరే వెళ్తే కాంపాక్ట్ డీజిల్ చాలు, ఎన్‌హెచ్ 65 మీద దానికి ఏ లోటూ లేదు.

లోన్ మీద పూర్తిగా ఆధారపడి, ఈఎంఐ నెల జీతంలో నాలుగో వంతు దాటుతుంటే మిడ్‌సైజ్ ఊసే వద్దు. ఇది నేను గట్టిగా చెబుతున్నాను. బండి వాకిట్లో ఉండి, ప్రతి సర్వీస్ బిల్లుకీ గుండె ఝల్లుమనే పరిస్థితి మంచిది కాదు.

మధ్యలో ఇంకో దారి

2025 జనవరిలో బీఎండబ్ల్యూ ఐఎక్స్1 లాంగ్ వీల్‌బేస్ వచ్చింది, విడుదలైనప్పుడు ధర 49 లక్షలు. ఎలక్ట్రిక్, 204 హార్స్‌పవర్, 66.4 కిలోవాట్ అవర్ల బ్యాటరీ. వీల్‌బేస్ 2800. అంటే మామూలు ఎక్స్1 కంటే దాదాపు 11 సెంటీమీటర్లు ఎక్కువ, అది మొత్తం వెనక సీటుకే ఇచ్చారు. కాగితం మీద రేంజ్ 531 కిలోమీటర్లు. హైవే వేగంలో 350 నుంచి 400 అనుకుని ప్లాన్ వేసుకోవాలి. ఎలక్ట్రిక్ బండికి జీఎస్టీ 5 శాతమే. తెలంగాణలో 2026 డిసెంబర్ 31 వరకు రోడ్డు టాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ. పైన పట్టికలో ఆ 10 లక్షల వరుస కొట్టేస్తే ఆన్‌రోడ్ ఎక్కడికి దిగుతుందో చూడండి.

చివరికి బావ దీని దగ్గరే ఆగాడు. అత్తయ్యని గంటంపావు వెనక కూర్చోబెట్టి శంషాబాద్ దాకా తిప్పాం. దిగి నాలుగు అడుగులు వేసి, ఈసారి తొడల మాట ఎత్తలేదు. 2.4 మీటర్ల స్లాట్‌లో పడింది. తెనాలి ప్రయాణానికి దారిలో ఒక్కసారి, టిఫిన్ చేసేంతసేపు చార్జింగ్ పెడితే సరిపోతుంది. మిగిలింది అపార్ట్‌మెంట్ అసోసియేషన్. సెల్లార్‌లో చార్జర్ పెట్టాలంటే వాళ్ల అనుమతి కావాలి, మీటర్ బోర్డు నుంచి స్లాట్ దాకా విడిగా కేబుల్ లాగాలి. కొలిస్తే 38 మీటర్లు వచ్చింది. బుకింగ్ డబ్బు కట్టడానికి ముందే ఆ అనుమతి కాగితం మీద సంతకం పెట్టించుకోమన్నాను. సెక్రటరీ గారు వచ్చే ఆదివారం మీటింగ్‌లో పెడతామన్నారు.